ఒక్కసారే ముంచాలి

జపాన్‌లోని ఒసాకా నగరంలో కుషికత్సు అమ్మే పాత దుకాణాల్లో దేనిలోకి అడుగుపెట్టినా గోడమీదో, బల్లమీదో, కొన్నిచోట్ల సాసు డబ్బామీదో ఒకే మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: సాసులో రెండోసారి ముంచరాదు. మాంసం, చేప, కూరగాయ ముక్కలను వెదురు పుల్లలకు గుచ్చి, జారుపిండిలో ముంచి, సన్నటి బ్రెడ్ పొడి అద్ది, నూనెలో వేయించి ఇస్తారు. వాటినే కుషికత్సు అంటారు. వాటికి తోడుగా సంప్రదాయంగా బల్లమీద పెట్టే సాసు ఏ ఒక్కరి సొంతమూ కాదు. స్టీలు డబ్బాలో నిండుగా పోసి ఉంచిన ఆ నల్లటి పలచటి సాసులో మీరూ ముంచుతారు, పక్కన కూర్చున్న పరిచయంలేని మనిషీ ముంచుతాడు, మీరిద్దరూ లేచి వెళ్లాక ఆ చోట కూర్చునేవారూ ముంచుతారు. కాబట్టి పుల్ల చేతికి రాగానే, ఇంకా కొరకకముందే, ఒక్కసారి నిండా ముంచి తీయాలి. కొరికిన తరువాత అది మళ్లీ డబ్బా దగ్గరకు పోకూడదు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో పెరిగిన తెలుగువారికి ఈ నియమాన్ని ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఉద్యోగరీత్యా ఒసాకా చుట్టూ ఉన్న కాన్సాయ్ ప్రాంతంలో ఉంటున్న నాకు ఒసాకా తిండ్లన్నిటిలోనూ ఇదే ఎక్కువ ఇష్టం. మనవారికి పరిచయం చేసేటప్పుడు దీన్ని జపాన్ బజ్జీ అని చెప్పడం సులభమే. పుల్ల తీసేసి చూస్తే పోలిక కొంతవరకు నిలుస్తుంది కూడా: రెండూ వీధి తిండిగా పుట్టినవే, రెండింటికీ సాయంత్రం వేళే అసలు గిరాకీ. అయితే బజ్జీలో శనగపిండికే ఒక రుచి ఉంటుంది, ఆ రుచి కోసమే మనం బజ్జీ తింటాం. కుషికత్సులో పైపొర తన రుచిని చూపించుకోకూడదు. లోపలి ముక్కను ఆవిరిలో ఉడకనిచ్చి, బయట సన్నగా కరకరలాడి, సాసును ఒక్క ముంపులో తగినంత పీల్చుకుంటే దాని పని పూర్తయినట్టే. ఇంకా చెప్పాలంటే ఈ భోజనంలో పైపొర మందం, ముక్క పరిమాణం, సాసు పలచదనం, ఉచితంగా ఇచ్చే క్యాబేజీ అన్నీ ఆ ఉమ్మడి సాసు డబ్బాకు అనుగుణంగా అమరినవే. 2020 తరువాత ఆ డబ్బా చాలా దుకాణాల్లో కనిపించకుండా పోయింది. దాని గురించి వివరంగా రాయాలన్న కోరిక నాకు అప్పటినుంచీ ఉంది.

కుషికత్సు ఊరు షిన్‌సెకాయ్. 1903లో ఒసాకాలో జపాన్ ఐదో జాతీయ పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. ప్రదర్శన ముగిసిన తరువాత ఆ మైదానంలో తూర్పు భాగం తెన్నోజి పార్కుగా మారగా, పడమటి భాగంలో 1912లో షిన్‌సెకాయ్ అనే వినోదాల పేట వెలిసింది. ఉత్తరాన పారిస్‌ను, దక్షిణాన న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌ను తలపించేలా దాన్ని కట్టారు. మధ్యలో ఈఫిల్ టవర్‌ను చూసి స్ఫూర్తి పొందిన త్సూతెన్‌కాకు గోపురం, దాని పక్కన లూనా పార్క్ అనే వినోదశాల ఉండేవి. లూనా పార్క్ 1923లో మూతపడింది. 1943లో జరిగిన అగ్నిప్రమాదంలో గోపురం దెబ్బతినగా దాన్ని విప్పి, ఆ ఇనుమును యుద్ధ అవసరాలకు ఇచ్చేశారు. ఇప్పుడు మనం చూసే గోపురం 1956లో కట్టినది. తరువాత టోక్యో టవర్‌కు రూపకల్పన చేసిన నైతో తాచూయే దీనికీ రూపశిల్పి. రాత్రివేళ గోపురం కొనమీద వెలిగే దీపాల రంగును బట్టి మరునాటి వాతావరణం తెలుస్తుంది: తెలుపైతే ఎండ, నారింజైతే మబ్బు, నీలమైతే వాన.

పారిస్‌నూ న్యూయార్క్‌నూ తలచుకుని కట్టిన ఈ పేట కొద్దికాలానికే శ్రామికుల పేటగా మారింది. నాకు ఇక్కడి చరిత్రలో ఆసక్తి కలిగించే భాగం అదే. 1929లో ఇక్కడ దారుమా అనే చిన్న దుకాణం తెరుచుకుంది. ఒసాకా కుషికత్సుకు అదే పుట్టిల్లని ఆ దుకాణమూ చెప్పుకుంటుంది, ఊరూ ఒప్పుకుంటుంది. చుట్టుపక్కల కూలిపని చేసుకునేవారికి చవకగా, వేగంగా కడుపు నింపే తిండి కావాలి. చిన్న మాంసపు ముక్కను పుల్లకు గుచ్చి పిండి పట్టించి వేయిస్తే ముక్క పెద్దదిగా కనిపిస్తుంది, వేడి నిలుస్తుంది, ఒక చేత్తో నిలబడి తినవచ్చు, పళ్లెమూ అక్కర్లేదు. షిన్‌సెకాయ్‌కి దక్షిణాన, రైలు పట్టాలు దాటగానే వచ్చే కామగాసాకి పేట యుద్ధానంతరం రోజుకూలీల అడ్డాగా జపాన్ అంతటికీ తెలిసింది. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కట్టడాలకు కూలీలు పెద్దసంఖ్యలో అక్కడినుంచే వెళ్లారు. ఆ తరం మనుషులు పని దిగి ఇంటికి పోయేముందు రెండు పుల్లలూ ఒక గ్లాసు మద్యమూ తీసుకుని, వచ్చినంత వేగంగా వెళ్లిపోయేవారు. అంత రద్దీలో మనిషికొక సాసు గిన్నె పెట్టి, దాన్ని కడిగి, మళ్లీ నింపి ఇచ్చే తీరిక దుకాణదారుకు ఉండదు. అందరికీ కలిపి ఒక్క డబ్బా పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే.

త్సూతెన్‌కాకు నుంచి దక్షిణంగా నడిస్తే జాన్‌జాన్ యొకోచో అనే పైకప్పున్న సందు వస్తుంది. పూర్వం దుకాణాల ముందు గిరాకీని పిలవడానికి వాయించిన షామిసెన్ అనే మూడు తీగల వాద్యం శబ్దమే ఆ సందుకు పేరైంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు కాస్త ఒదగవలసినంత ఇరుకుగా ఉంటుంది. అందులోనే షోగి అనే జపాన్ చదరంగం ఆడుకునే క్లబ్బు ఉంది, కిటికీ బయట నిలబడి ఆట చూసే ముసలివారు ఉన్నారు. యాఎకత్సు, తెంగు అనే రెండు ప్రసిద్ధమైన కుషికత్సు దుకాణాలు కూడా ఆ సందులోనే ఉన్నాయి. సెలవు రోజుల్లో వాటి ముందు వరస బారెడు సాగుతుంది, కానీ తినేవారు ఎక్కువసేపు కూర్చోరు కనుక ఆ వరస త్వరగానే కదులుతుంది. నాకు ఈ సందులోని దుకాణాలే ఎక్కువ నచ్చుతాయి. గోపురం చుట్టూ ఉన్న పెద్ద దుకాణాల్లో బొమ్మలూ దీపాలూ ఎక్కువ. అక్కడ తిండి బాగుండదని అనను. కానీ వంటమనిషి చేతులకు రెండడుగుల దూరంలో కూర్చుని తినే వీలు ఉండాలన్నది నా కోరిక.

ఆ చేతులను చూడడంలోనే సగం ఆనందం ఉంది. కౌంటర్ వెనుక లోతైన స్టీలు పళ్లెంలో జారుపిండి ఉంటుంది. గోధుమపిండి, గుడ్డు, నీళ్లతోపాటు చాలాచోట్ల మన పెండలం జాతికే చెందిన యమాఇమో దుంపను తురిమి అందులో కలుపుతారు. ఆ దుంప జిగురువల్ల పిండి పలచగా ఉన్నా ముక్కను వదలకుండా పట్టుకుంటుంది, నూనెలో పడగానే తేలిగ్గా పొంగుతుంది. మరో పళ్లెంలో బ్రెడ్ పొడి. టోంకత్సుకు, అంటే పంది మాంసపు పెద్ద ముక్క వేపుడుకు, వాడే పొడి రేకుల్లాగా పెద్దదిగా ఉంటే, ఇక్కడ వాడేది చాలా మెత్తనిది, దాదాపు సన్న రవ్వంత. పొడి ఎంత సన్నగా ఉంటే పైపొర అంత పలచగా ఉంటుంది, నూనె అంత తక్కువ పీలుస్తుంది. వంటమనిషి పుల్ల చివర పట్టుకుని ముక్కను పిండిలో ఒకసారి తిప్పి, పొడిమీద దొర్లించి, అరచేత్తో చిన్నగా అదిమి, వేడి నూనెలోకి జారవిడుస్తాడు. నూనె వేడి దాదాపు 180 డిగ్రీలు. తామర దుంపకూ రొయ్యకూ చేపకూ పట్టే సమయం ఒకటి కాదు, అయినా అతడు గడియారం వైపు చూడడు. బుడగల చప్పుడు సన్నబడడాన్ని విని తీస్తాడు. తీసినవాటిని ఇనుప తీగల జల్లెడమీద క్షణకాలం ఆనించి, మీ ముందున్న పళ్లెంలో పెడతాడు.

సాసు గురించి చెప్పాలి. దాని మూలం ఇంగ్లాండులోని వూస్టర్ పట్టణంలో 19వ శతాబ్దంలో పుట్టిన వూస్టర్‌షైర్ సాసు. ఆ మూల సాసులో చింతపండు ఒక ముఖ్యమైన దినుసన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. మెయిజీ కాలంలో (1868–1912) జపాన్‌కు చేరిన తరువాత జపనీయులు దాన్ని తమ నాలుకకు తగినట్టు మార్చుకున్నారు. కూరగాయలూ పండ్లూ ఉడికించిన రసానికి వెనిగర్, చక్కెర, ఉప్పు, మసాలా దినుసులు చేర్చి తయారుచేసుకున్నారు. పలచనిది, మధ్యరకం, చిక్కనిది అని ఇప్పుడు అందులో రకాలున్నాయి. కుషికత్సు దుకాణాల్లో పలచనిదే వాడతారు, ఒక్కో దుకాణం దానికి తనదైన మార్పు చేసుకుంటుంది. చిక్కటి సాసు పైపొరమీద పూతలా నిలిచి కరకరను చంపుతుంది, డబ్బాలో అడుగుకు చేరిన పొడితో కలిసి ముద్దవుతుంది. పలచని సాసు సన్నటి పొడి సందుల్లోకి వెంటనే ఇంకిపోతుంది, మిగిలినది కారి డబ్బాలోనే పడుతుంది. ఒక్క ముంపు చాలునన్న నియమం అందుకే ఎవరికీ కష్టమనిపించదు. ముక్కలు కూడా రెండు మూడు కొరుకుళ్లకు మించి ఉండవు. పులుపు ముందుగా, తీపి వెనుకగా, మసాలా ఘాటు చివరగా తెలిసే ఆ సాసు పులుసుకు అలవాటుపడిన తెలుగు నాలుకకు పరాయిగా తోచదు.

ఇక క్యాబేజీ. కూర్చోగానే అరచేతంత ముక్కలుగా తరిగిన పచ్చి క్యాబేజీని గిన్నెలో పెట్టి మీ ముందుంచుతారు. సంప్రదాయంగా దీనికి డబ్బు తీసుకోరు, అయిపోతే మళ్లీ ఇస్తారు. వేపుడుకూ వేపుడుకూ మధ్య నోటిని శుభ్రం చేయడం, నూనె బరువును కడుపుకు తెలియనివ్వకపోవడం దాని పని. క్యాబేజీ కడుపుకు మేలు చేస్తుందన్న నమ్మకం జపాన్‌లో ఎంత గట్టిదంటే, క్యాబేజిన్ అనే పేరుతోనే ఒక కడుపు మందు 1960 నుంచి అక్కడ అమ్ముడవుతోంది. అయితే సాసు డబ్బా ఉన్న దుకాణంలో క్యాబేజీకి ఇంకొక పని కూడా ఉంది. కొరికిన తరువాత ముక్కకు ఇంకొంచెం సాసు కావాలనిపిస్తే, ఎంగిలి కాని ఒక క్యాబేజీ ముక్కను గరిటెలా పట్టుకుని డబ్బాలోంచి సాసు తోడి పుల్లమీద పోసుకోవచ్చు. నియమమూ భంగం కాదు, కోరికా తీరుతుంది. ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటులా అనిపించదు. తినేవారి చేతుల్లో దానంతట అది కుదిరినట్టుంటుంది.

ఏమేమి తినాలన్న ప్రశ్నకు నా దగ్గర గట్టి అభిప్రాయాలున్నాయి. దుకాణం కొత్తదైతే మొదట ఉల్లిపాయ అడుగుతాను. చక్రంలా తరిగిన ఉల్లి లోపల మెత్తబడి తియ్యగా మారాలి, రెబ్బలు విడిపోకూడదు, పచ్చి వాసన రాకూడదు. ఆ చవకైన పుల్లలోనే నూనె తాజాదనమూ వంటమనిషి చేయీ తెలిసిపోతాయి. ఆ తరువాత తామర దుంప. కాన్సాయ్‌కి వచ్చే తామర దుంపల్లో చాలావరకు షికోకు ద్వీపంలోని తోకుషిమా జిల్లా పొలాలనుంచి వస్తాయి. మన వంటల్లో తామర దుంపకు పెద్దగా చోటు లేదు కనుక నాకు దాని కొరుకుడు మొదటినుంచీ వింతే: పంటికి గట్టిగా తగిలి, వెంటనే సన్నటి దారాలుగా సాగి, చివర్లో పిండిగా కరుగుతుంది. దాని చిల్లుల్లో సాసు నిలుస్తుంది కనుక ఒక్క ముంపుకు ఇంతకంటే తగిన ముక్క లేదని నా అభిప్రాయం. కౌజు పిట్ట గుడ్లు రెండు మూడు వరసగా గుచ్చిన పుల్ల పిల్లలకూ పెద్దలకూ ఇష్టమైనది. జపాన్‌లో ఆ గుడ్లకు ఐచి జిల్లాలోని తొయొహాషి పేరుపొందింది. వాటిని వేడిగా ఉండగా తొందరపడి నోట్లో వేసుకుంటే నాలుక కాలడం ఖాయం కాబట్టి వాటిని పళ్లెంలో కాసేపు వదిలి, వాటికంటే తరువాత వచ్చిన ఆస్పరాగస్‌ను ముందు తినేయడం మంచిది.

వీటన్నిటికంటే నేను ఎదురుచూసేది బెనిషోగా. ప్లమ్ జాతికి చెందిన ఉమే కాయలను ఉప్పులో ఊరవేసినప్పుడు ఊరే పుల్లటి ఎర్రటి రసంలో అల్లాన్ని నానబెట్టి చేసే ఊరగాయ అది. ఇతర ప్రాంతాల్లో దాన్ని సన్నగా తరిగి నూడుల్స్‌మీదో, మాంసమూ అన్నమూ ఉన్న గిన్నెలోనో కాస్త చల్లుతారు. కాన్సాయ్‌లో మాత్రం మందపాటి బిళ్లలుగా కోసి పిండి పట్టించి వేయిస్తారు. ఒసాకాకు దక్షిణాన ఉన్న వకాయామా ఉమే తోటలకు జపాన్‌లోకెల్లా ప్రసిద్ధమైన ప్రాంతం, బహుశా అందుకే ఈ వేపుడు ఇక్కడివారికి ఇంత సహజమైంది. కొరకగానే అల్లం ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది, వెనకే పులుపు, ఉప్పు. మీదపడిన సాసులోని తీపి ఆ రెండింటినీ సర్దుతుంది. ఆవకాయతో, అల్లం పచ్చడితో పెరిగినవారికి ఇది తమకోసమే చేసినట్టు అనిపిస్తుంది. ఆంధ్రనుంచి, తెలంగాణనుంచి ఎవరు వచ్చినా నేను తప్పక తినిపించే పుల్ల ఇదే.

షీటాకే పుట్టగొడుగు, వంకాయ, గుమ్మడి, కారంలేని షిషితో మిరపకాయ, టమాటా, రొయ్య, కిసు అనే చిన్న సముద్రపు చేప, ఆక్టోపస్, చికెన్, చీజ్, మోచి అనే బియ్యపు ముద్ద కూడా దొరుకుతాయి. వంకాయ బాగుంటుంది కానీ నూనె ఎక్కువ తాగుతుంది. చీజ్ నాకు అక్కర్లేదు. అసలు మూలం మాత్రం గొడ్డుమాంసమే. ఒసాకాలో ఏ విశేషణమూ లేకుండా కుషికత్సు ఒకటి అంటే గొడ్డుమాంసపు పుల్లే వస్తుంది. కొన్ని పాత దుకాణాల్లో దాన్ని మూడేసి చొప్పునే వడ్డిస్తారు. పాత దుకాణాల్లో ఒక్కో పుల్ల ధర ఇప్పుడు దాదాపు 120 నుంచి 300 యెన్‌ల మధ్య ఉంటోంది. పిండి, క్యాబేజీ కలిసి కడుపు నింపుతాయి కనుక పది పుల్లలు దాటడం తేలిక కాదు. ఒకేసారి పది చెప్పడంకన్నా రెండు మూడు చొప్పున చెప్పుకుంటూ పోవడమే తగినది, ఎందుకంటే ఈ తిండి నూనెలోంచి తీసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే తన ఉత్తమ స్థితిలో ఉంటుంది.

ఇక్కడ తెలుగువారికి ఒక విషయం స్పష్టంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నేను గొడ్డుమాంసం తింటాను కనుక నాకు చిక్కు లేదు, కానీ నాతో వచ్చేవారిలో తిననివారే ఎక్కువ. తామర దుంప, ఉల్లిపాయ, గుమ్మడి అడిగి తెప్పించుకుంటే శాకాహారం తిన్నట్టేనని అనుకోవడానికి వీల్లేదు. దారుమాతో సహా పలు సాంప్రదాయిక దుకాణాల్లో వేయించడానికి వాడేది గొడ్డు కొవ్వును కరిగించి తీసిన నూనె. కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు. ఆ కొవ్వువల్లనే ఆ సువాసన, ఆ పొడిపొడి కరకర వస్తాయని వంటవారు చెబుతారు, అది నిజమే. శాకాహార నూనె వాడే దుకాణాలున్నా అదే మూకుడులో మాంసమూ చేపా వేగుతాయి, పిండిలో గుడ్డు ఉంటుంది. కాబట్టి శుద్ధ శాకాహారులకు ఇది తగిన చోటు కాదు. వారిని మొహమాటపెట్టి తీసుకువెళ్లకూడదు. గొడ్డుమాంసం మాత్రమే తిననివారైతే కూర్చోకముందే ఏ నూనె వాడుతున్నారని అడగాలి. జపనీస్‌లో అబురా అంటే నూనె, గ్యూ అంటే గొడ్డు. ఈ రెండు మాటలతో ప్రశ్న అర్థమవుతుంది, దుకాణదారులు దాచకుండా జవాబు చెబుతారు. ఒకసారి ఇలా అడిగినప్పుడు కౌంటర్ వెనుక ఉన్న పెద్దావిడ నూనె డబ్బానే ఎత్తి చూపించి, మాకు సరిపడే వీధి చివరి దుకాణానికి తానే దారి చెప్పింది.

పుల్లలతోపాటు దొతెయాకి అనే వంటకాన్ని చాలామంది అడుగుతారు. గొడ్డు నరాల మాంసాన్ని తెల్ల మిసోలో (సోయా గింజలను పులియబెట్టి చేసే ముద్ద), మిరిన్ అనే తియ్యటి వంట మద్యంలో గంటల తరబడి ఉడికిస్తారు. వేపుడు నూనెలోంచి వచ్చేలోగా తినడానికి అది బాగుంటుంది. తాగేవారికి బీరు, సోడా కలిపిన విస్కీ ఉంటాయి, తాగనివారు గోళీసోడా తరహా సీసాలో వచ్చే రామునే తీసుకోవచ్చు.

ఒసాకా బయట ఇదే పేరుతో దొరికేది కొంత వేరు. టోక్యో వైపు పంది మాంసాన్నీ ఉల్లినీ ఒకటి విడిచి ఒకటి గుచ్చి, పెద్ద పొడితో వేయించి, చిక్కటి సాసు పోస్తారు. నగోయాలో నల్లటి మిసో పులుసులో ముంచుతారు. 2008లో టోక్యోలోని సెతగాయాలో మొదలైన కుషికత్సు తనాకా అనే గొలుసు దుకాణం ఒసాకా పద్ధతిని జపాన్ అంతటికీ తీసుకువెళ్లింది. 2018లో దాదాపు అన్ని శాఖల్లోనూ పొగతాగడాన్ని నిషేధించి కుటుంబాలను రప్పించుకుంది. ఇక కుషియాగె పేరుతో, వంటమనిషి తనకు తోచిన క్రమంలో ఒక్కో పుల్లా అందిస్తూ, మనం చాలనేదాకా ఆపకుండా వడ్డించే ఖరీదైన దుకాణాలున్నాయి. వాటిలో పనితనం గొప్పది. అక్కడ ఎవరి సాసు గిన్నెలు వారికే ఉంటాయి.

ఉమ్మడి డబ్బాకు వస్తే, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దానికి మొదటి దెబ్బ తగిలింది. షిన్‌సెకాయ్‌లో దుకాణాలు వరసగా డబ్బాలు తీసేసి సాసును సీసాల్లో పోసి పెట్టాయి. వీధికి గుర్తుగా వేలాడిన భారీ ఫుగు చేప లాంతరు కూడా ఆ సంవత్సరమే, దాని దుకాణం మూతపడడంతో, కిందికి దిగింది. ఆ నిర్ణయాలను నేను తప్పుపట్టను. రోగం వ్యాపిస్తున్నప్పుడు అందరి చేతులూ వెళ్లే డబ్బాను తీసేయడం వివేకమే. ఆ తరువాత 2023 ఆరంభంలో, ఒక సుషీ దుకాణంలో సోయా సాసు సీసాను ఒక కుర్రవాడు నాకుతున్న వీడియో దేశమంతా పాకి, ఉమ్మడిగా వాడే ప్రతి వస్తువుమీదా అనుమానం పెంచింది. కోవిడ్ సద్దుమణిగాక కూడా చాలా దుకాణాలు సీసాలతోనే కొనసాగడానికి ఇది కూడా ఒక కారణమని నేను అనుకుంటున్నాను. నియమం రాసిన పలకలు మాత్రం చాలాచోట్ల గోడలమీద అలాగే ఉన్నాయి, ముంచడానికి డబ్బా లేకపోయినా.

సీసాతో రుచి మారదని కొందరు మిత్రులు వాదిస్తారు. నాకు మారినట్టే ఉంది, అది మొండితనంతో చెబుతున్న మాట కాదు. సీసాలోంచి పోస్తే సాసు ఒక వైపే పడుతుంది, ఆ వైపు తడిసి మెత్తబడుతుంది, రెండో వైపు చప్పగా మిగులుతుంది. డబ్బాలో నిండా ముంచి తీసినప్పుడు నలువైపులా సమంగా తాకి, అదనపుది కారిపోతుంది. పళ్లెంలో మిగిలిపోయి వృథా అయ్యే సాసు కూడా ఉండదు. రుచిని పక్కన పెట్టినా, డబ్బా ఉన్న కౌంటర్‌లో మనుషుల తీరు వేరుగా ఉంటుంది. అక్కడ కొత్తగా వచ్చినవారెవరైనా కొరికిన పుల్లను డబ్బావైపు తీసుకువెళ్లబోతే, దుకాణదారుకంటే ముందు పక్కన కూర్చున్నవారే నవ్వుతూ వారిస్తారు, క్యాబేజీతో తోడుకోవడం చూపిస్తారు, అక్కడినుంచి ఏ ఊరు, ఏం పని అంటూ మాట కలుస్తుంది. నాకు ఒసాకా మాండలికంలో వచ్చిన నాలుగు మాటలూ ఇలాంటి కౌంటర్లలోనే వచ్చాయి. ఎవరూ కాపలా కాయని ఒక డబ్బాను అందరూ శుభ్రంగా ఉంచడానికి ఒకరినొకరు నమ్మడం, ఎంగిలి విషయంలో ఇంత పట్టుదల ఉన్న సమాజం నుంచి వచ్చిన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మన ఇళ్లలో ఎంగిలి భయం పళ్లాలనూ గ్లాసులనూ వేరు చేసింది, మనుషులను కూడా వేరు చేసింది. ఇక్కడ అదే భయాన్ని ఒక్క చిన్న నియమంతో అదుపులో పెట్టి అందరినీ ఒకే డబ్బా చుట్టూ కూర్చోబెట్టారు.

డబ్బాను తిరిగి బల్లమీద పెట్టిన దుకాణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మూత ఉన్న డబ్బాలు పెట్టి, ప్రతి బృందం లేచాక సాసు మార్చేవారున్నారు. అంత జాగ్రత్తతోనైనా ఆ పద్ధతి బతికితే నాకు సంతోషం. వెళ్లాలనుకునేవారు మిదోసుజి సబ్‌వే లైనులో దోబుత్సుఎన్‌మాయె స్టేషన్‌లో దిగితే జాన్‌జాన్ యొకోచో పక్కనే ఉంటుంది. పనిదినాల్లో మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ వరస తక్కువ, వంటమనిషికీ మాట్లాడే తీరిక ఉంటుంది. లోపలికి వెళ్లేముందు బల్లమీద డబ్బా ఉందో, సీసా ఉందో తొంగిచూడండి, డబ్బా ఉంటే ఆ దుకాణంలోనే కూర్చోండి. మొదట ఉల్లిపాయ, తరువాత తామర దుంప, ఆపైన బెనిషోగా చెప్పండి.